పలివెల దాకా ట్రయలు

కొత్తపేటలో మెకానిక్ లాజరు షెడ్డు నుంచి పలివెల ఎంత దూరం? రెండంటే రెండు మైళ్ళు. చుట్ట వెలిగించి బయల్దేరినవాడు అది ఆరిపోకముందే చేరిపోతాడు. యుద్ధంలో బర్మా సరిహద్దు కొండల దాకా వెళ్ళి, మిలిటరీ లారీల కింద మూడేళ్ళు పడుకుని, ఆరు రైళ్ళు మారి ఇంటికొచ్చిన మనిషికి ఆ రెండు మైళ్ళూ పదకొండు నెలలుగా దాటరానివైపోయాయి. అతని పెళ్ళాం దీనమ్మ అక్కడ పుట్టింట్లో ఉంది మరి.

ఆవిడ ఊరికే వెళ్ళలేదు. లాజరు యుద్ధానికి వెళ్ళేనాటికి ఆవిడ కడుపుతో ఉంది. ఆడపిల్ల పుట్టింది. ఏడు నెలలు బతికి జ్వరంతో పోయింది. ఎవరిచేతో రాయించిన కార్డు నాలుగు నెలలు తిరిగి తిరిగి లాజరుకి చేరింది. ఇంటికొచ్చాక అతను ఆ బిడ్డ ఊసు ఒక్కనాడూ ఎత్తలేదు. ఏం పేరు పెట్టారని కూడా అడగలేదు. గుండె లేక కాదు, నోరు తెరిస్తే ఎక్కడ కూలిపోతాడో అని భయం. లోపలి భయం ఆవిడకెలా తెలుస్తుంది చెప్పండి? అయిదేళ్ళు ఎదురుచూసింది. చివరికి ఒకరోజు, "నీకు ఇనుముంటే చాలయ్యా, మనుషులక్కర్లేదు" అని మూట కట్టుకుని వెళ్ళిపోయింది. ఏం అడగాలో లాజరుకి తెలుసు. అడగడానికి నోరు పెగలదు, అదీ రోగం.

పనిలో మాత్రం అతనికి వంక పెట్టినవాడు లేడు. స్క్రూడ్రైవరు మొన ఇంజిను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, లోపల ఏ మూల ఏది అరిగిందో చెప్పేసేవాడు. అబద్ధమాడి పైసా తీసుకోడని మిల్లుల వాళ్ళూ బస్సుల వాళ్ళూ కూడా ఒప్పుకునేవారు.

1951లో కార్తీకం వెళ్ళాక వెంకటరాజుగారి మోటారు సైకిలు ఎడ్లబండి మీద షెడ్డుకొచ్చింది. రాజుగారికి ముప్ఫై ఎకరాల కొబ్బరితోట, దానికి తగ్గ గొంతు. మిలిటరీ వేలంలో సరదాపడి కొన్న ఇంగ్లీషు బండి అది. నాలుగేళ్ళుగా కొబ్బరి పీచు డొక్కల కింద పడి తుప్పు పట్టింది.

"కొత్తదానిలా చేసిపెట్టవోయ్ లాజరూ! అమలాపురం వెళ్తే జనం నిలబడి చూడాలి" అన్నారాయన.

"ఆయ్, చూస్తారండి" అన్నాడు లాజరు.

అలాంటి బళ్ళు యుద్ధంలో ఎన్ని విప్పాడో అతనికే లెక్క తెలియదు. నట్టు నట్టూ ఊడదీశాడు. మద్రాసు నుంచి రింగులు, బేరింగులు తెప్పించాడు. నెల్లాళ్ళలో ఇంజిను మళ్ళీ కూర్చాడు. మర్నాడు పొద్దున్నే, మంచు ఇంకా విడవకుండా, ట్రయలుకి తీశాడు. అంబాజీపేట రోడ్డు ఉంది, రావులపాలెం రోడ్డు ఉంది. ముందు చక్రం పలివెల వైపు తిరిగింది. తనే తిప్పానని అతను ఒప్పుకోడు గానీ, హ్యాండిలు ఇంకెవరి చేతిలో ఉంది?

మైలు దాటేసరికి ఇంజిను అడుగు నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. పలివెల చేరేసరికి ఊరంతా వినపడేటంత పెద్దదైంది. ఆ గోల ఏమిటా అని దీనమ్మ చీపురు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వచ్చి, చూసింది. లాజరూ చూశాడు. ఆవిడ ముఖం కాస్త చిక్కింది. అంతకన్నా చూడ్డానికి వ్యవధి లేదు, బండి దాటిపోయింది.

నాలుగిళ్ళవతల ఆపి, నూనె ట్యాంకు మూత తీశాడు. ఈ బండికి నూనె విడిగా ట్యాంకులో ఉంటుంది. పంపు దాన్ని ఇంజినులోకి తోస్తుంది, అక్కడి నుంచి మళ్ళీ ట్యాంకులోకి లాగుతుంది. మూత తీస్తే తిరిగొచ్చే ధార కంటికి కనబడాలి. చుక్క లేదు! నూనె అందని ఇంజినుని పరుగెత్తించడమంటే ఉపవాసం ఉన్నవాడి చేత వడ్లబస్తా మోయించడమే. బండి ఆపేసి గట్టు మీద కూర్చున్నాడు. ఎండెక్కాక భయపడుతూ స్టార్టు చేస్తే, ధార చక్కగా పడింది. చప్పుడూ పోయింది. ఇదెక్కడి చోద్యం అనుకున్నాడు లాజరు.

తప్పు తనదే అనుకుని పంపు విప్పాడు. దాని చక్రాల పళ్ళు బాగున్నాయి. ప్యాకింగు కాగితం నూనె రంధ్రానికి అడ్డం పడిందేమో చూశాడు, లేదు. గొట్టాలన్నీ నోటితో ఊది చూశాడు. మధ్యాహ్నమంతా బండి బుద్ధిగా తిరిగింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ పలివెల, మళ్ళీ టకటక, గుమ్మంలో మళ్ళీ దీనమ్మ.

చలిపూట ఒకలా, ఎండపూట ఒకలా ఉందంటే లోపం ఇనుములో కాదు, నూనెలోనే ఉంది. ఆ సాయంత్రం ట్యాంకులోంచి కాస్త నూనె సత్తుగిన్నెలోకి తీసి షెడ్డు బయట పెట్టాడు. తెల్లారి గిన్నె వంచితే కదల్లేదు. వెన్నలా గడ్డకట్టింది. వేలితో తీసి వాసన చూశాడు. ఆ వాసన తెలియనివాడు కోనసీమలో ఉన్నాడా?

అంతలో రాజుగారే వచ్చారు.

"ట్యాంకులో ఎవరన్నా నూనె పోసేరాండి?"

"ఆఁ, నేనే పోసేను. అటుమొన్న నువ్వు బువ్వకెళ్ళినప్పుడొచ్చేను. మీ ఇంజిను సీమనూనె అడుగున కాస్తే ఉంది. మన గానుగ కొబ్బరి నూనె, కల్తీ లేని సరుకు, ట్యాంకు నిండా పోయించేను! తలకి మంచిది ఇంజినుకి చెడ్డదవుద్దేంటి?"

లాజరుకి నవ్వొచ్చింది. చలికి గడ్డకట్టేది పంపులోకి ఎలా దిగుతుంది? ఆ నూనె వంపేసి, కిరసనాయిలుతో కడిగి, మంచి నూనె పోస్తే పూటలో పని అయిపోతుంది. రేపే బండి రాజుగారిది. రేపటి నుంచి పలివెల వెళ్ళడానికి సాకేదీ? ఆ ఆలోచన రాగానే నవ్వు పోయింది.

"దానికేం లేదండి. ఇంకో నాలుగు రోజులు ట్రయలు చూడాలండి" అన్నాడు. ఆ నోట వచ్చిన మొదటి అబద్ధం అదే.

నాలుగు రోజులు తొమ్మిదయ్యాయి. రోజూ పొద్దున్నే బండి తీయడం, గోల చేసుకుంటూ పలివెల వెళ్ళడం, ఎండెక్కాక తిరిగిరావడం. దీనమ్మ ఒకరోజు ఊడ్చిన చోటే ఊడుస్తూ కనిపించింది. ఇంకోరోజు తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఊరికే నిలబడింది. ఇవాళ ఆగుతాను, ఇవాళ అడుగుతాను అనుకుంటూ బయల్దేరేవాడు. గుమ్మం ముందుకొచ్చేసరికి చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళేది కాదు. వెళ్ళిపోయేవాడు. వెనక్కి తిరిగి చూడ్డానికి కూడా ధైర్యం చాలేది కాదు. ఆవిడ ఎదుట అతనికి అంత బెరుకు.

షెడ్డు పక్కన ఇడ్లీలమ్మే పాపాయమ్మ నోరు ఊరుకునే నోరా?

"ఏరా అబ్బాయ్, ఆ బండికి పలివెల రోడ్డొక్కటే వంటబడతదేంటి? అంబాజీపేట గాలి పడదా?"

"ట్రయలు పిన్నీ."

"బండికా, నీకా?"

తొమ్మిదో రోజున మాత్రం ఆవిడ వేళాకోళమాడలేదు. ఇడ్లీ ఆకు చేతికిస్తూ, "దీనమ్మ సోమవారం పడవెక్కుతాదంట్రా. రాజమండ్రి ఆసుపత్రిలో ఆయా పని. అక్కడే ఉండిపోతాదంట" అంది. ఆవేళ శుక్రవారం.

లాజరు ఇడ్లీ ముట్టుకోలేదు. షెడ్డులోకి వెళ్ళి, ఇంజిను స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు చెవికి ఆనించాడు. మొదట్లో పైపైన ఉన్న చప్పుడు ఇప్పుడు లోతుకి దిగింది. కొత్త బేరింగు అరుగుతోంది. తన చేత్తో బతికించినదాన్ని తన చేత్తోనే చంపుతున్నాడు. ఎందుకూ? గుమ్మంలో ఒక మనిషిని రెప్పపాటు చూడ్డానికి. "సిగ్గులేదురా నీకు!" అని తనని తనే తిట్టుకున్నాడు. వెంటనే బండి ఆపేశాడు.

ఆ రోజూ మర్నాడూ కూర్చుని ఇంజిను మళ్ళీ విప్పాడు. బేరింగు మార్చాడు. గొట్టాల్లో, రంధ్రాల్లో అంటుకున్న కొబ్బరి నూనె చివరి మరక దాకా కడిగేశాడు. రాజుగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. ఆయన తిట్టిన తిట్లు కొత్తపేట సెంటరు దాకా వినపడ్డాయి. తిట్టి తిట్టి, "రేపొక్కరోజు వెళ్ళిరా పో! ఎల్లుండి పొద్దున్న బండి నా వాకిట్లో ఉండాలి" అన్నారు.

ఆదివారం పొద్దున్న మంచులో ఇంజిను మెత్తగా నడిచింది. ధార నిండుగా పడుతోంది. అలాంటి పని చేసినందుకు ఇంకోరోజైతే మీసం దువ్వుకునేవాడే. పలివెల వచ్చింది, దీనమ్మ ఇల్లు వచ్చింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఎలా ఉంటారు? ఆవిడని బయటికి పిలిచే చప్పుడు పోయింది కదా. తలుపు దగ్గరగా వేసి ఉంది.

లాజరు ఇంజిను ఆపి, దిగి నిలబడ్డాడు. వెళ్ళిపోదామనిపించింది. వెళ్ళిపోతే సోమవారమే మిగులుతుంది.

"దీనమ్మా!"

తలుపు తెరుచుకుంది. ఆవిడ గడప దాటలేదు.

"చప్పుడు లేదే. బాగయిందా బండి?"

"బాగయింది. రోగం మూడో రోజునే తెలిసింది నాకు. కొబ్బరి నూనె. తెలిసే తిరిగేను."

"నాకు మొదటిరోజే తెలిసింది. పొయ్యి మీద మాడినట్టు ఒకటే కంపు, వంటింటి మనిషిని కానూ? చలికి ఆ నూనె ఏమవుతాదో తెలీదా? ఇంత పనోడికి తెలీదా ఇది, తెలిసే వస్తున్నాడు అనుకున్నాను. ఇవాళ ఆగుతాడు, రేపు ఆగుతాడు అని గుమ్మంలో చూసేను. ఆగేవు కావు."

"ఇవాళ ఆగేను."

"ఏం, బండి బాగయినందుకా?"

లాజరు తల అడ్డంగా ఊపాడు. నోరు తెరిచాడు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి. తుడుచుకోలేదు.

"మన పాపకి ఏం పేరు పెట్టేవే?" అన్నాడు.

దీనమ్మ తలుపు చెక్క పట్టుకుంది.

"మీ అమ్మ పేరే. సువార్తమ్మ" అంది.

అంటూనే గడప మీద కూలబడింది. లాజరు వెళ్ళి కిందమెట్టు మీద కూర్చున్నాడు. సోమవారం పడవ దీనమ్మ లేకుండానే వెళ్ళింది గానీ, ఆ మాట అప్పుడు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆవిడ చెబుతోంది. పిల్లకి నీ చెవులే అంది. కింద రెండు పళ్ళొచ్చేయంది. రోడ్డు మీద లారీ చప్పుడైతే చాలు, చేతులూపుకుంటూ నవ్వేదంది. చెప్పి చెప్పి, ఇంక చాల్లే అన్నట్టు ఆగింది.

"ఇంకా చెప్పు" అన్నాడు లాజరు.