సాఫ్తా అత్త కోడలు

మా రొమేనియా కొండల్లో రవికె చేతుల మీది కుట్టు చూసి మనిషిది ఏ ఊరో చెప్పేస్తారు. పెళ్లై వచ్చిన పిల్ల అత్తగారి ఊరి కుట్టు తొడుక్కుంటేనే ఆ ఊరి కోడలు.

పరదేశం నుంచి మా రాజుగారిని పెళ్లాడి వచ్చిన రాణిగారు మా సాఫ్తా అత్త కుట్టిన రవికె ఒక పండక్కి తొడుక్కుంది. పట్నం గౌన్లకు ఎగబడే మా ఆడపిల్లలు మళ్లీ సూది పట్టారు. అత్తకైతే ఆవిడ సొంత కోడలైపోయింది. రాణి పటం గోడకు తగిలించి, "కాస్త తినవే, ఎలా చిక్కిపోయావో చూడు" అని రోజూ గదమాయించేది.

రాజుగారిని దేశం నుంచి వెళ్లగొట్టాక, పటం తీసెయ్యమని ఒక కుర్ర పోలీసు వచ్చాడు.

అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. "మొగుడి ఉద్యోగం ఊడిందని కోడల్ని గెంటేసే ఇల్లు కాదు నాయనా ఇది."