మామ వేసుకున్న మూడు రంగుల గోళీలు

నాగర్‌కర్నూల్‌లో ఒక ఫార్మసీ కాలేజీలో నేను పాఠాలు చెప్తాను. మనిషి ఒక్కసారి మందు వేసుకున్నాక రక్తంలో ఏ గంటకు ఎంత మిగిలిందో కొలిచి, అదే మందు రోజూ వేసుకుంటే వారానికి ఎంత పోగవుతుందో ముందే లెక్కకట్టడం అందులో ఒక పాఠం. నాలుగు క్లాసులు పడుతుంది. ఏటా ఎవరికీ అర్థం కాదు. తప్పు పిల్లలదేనని చాలాకాలం గట్టిగా నమ్మాను.

మా మేనమామది తిమ్మాజిపేట. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు బీపీ ఉందని తేలింది. నాగర్‌కర్నూల్ డాక్టరు రోజుకొకటి చొప్పున తెల్ల గోళీలు రాశాడు. మామ ఒకటి వేసుకుని, మర్నాడే బీపీ చూడమని ఊళ్లో ఆర్‌ఎంపీ ముందు చెయ్యి చాపాడు. బీపీ తగ్గలేదు. మందు పనికిరాదని తీర్పు చెప్పి వనపర్తి బస్సెక్కాడు. అక్కడి డాక్టరు ముందు పాత చీటీ బయటికి తీయలేదు. చూస్తే ఈయన కూడా అదే రాస్తాడేమోనని అనుమానం. ఈసారి పసుపు గోళీలు వచ్చాయి. వాటికీ ఒక్కరోజే గడువు. తర్వాత గద్వాల పోయి గులాబీవి తెచ్చుకున్నాడు. ఇన్ని మందులు పారేయడానికి మనసొప్పక, చివరికి మూడు రంగులూ కలిపి వేసుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగు రోజులకు అత్త ఫోన్ చేసింది.

“మీ మామ లేస్తే కండ్లు తిరుగుతున్నయంటుండు. కాళ్లు ఉబ్బినయి. జర వచ్చి చూడు.”

వెంటనే వెళ్లాను. మూడు షీట్లు తిప్పి చూస్తే పైన పేర్లు వేరు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు ఒక్కటే.

“మూడూ ఒకటే మందు మామా.”

“రంగు వేరున్నది గదా అల్లుడా,” అన్నాడు మామ, పాపం, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ప్రభుత్వ దవాఖానలో చేర్చాం. డాక్టరమ్మ అన్నీ ఆపించి రెండు రోజులు కనిపెట్టి చూసింది. తర్వాత రోజుకు ఒక్క తెల్ల గోళీయే వేసుకుని పది రోజులకు రమ్మంది. మామకు అది అన్యాయంగా తోచింది.

“ఒకటేస్తే ఏం గాకపాయె. మళ్ల గదే రాసింది.”

నాకు మాత్రం లోపల సంతోషమైంది. లేచి పోలేని శ్రోత ఇన్నేళ్లకు మంచం మీద దొరికాడు. కాగితం తీసి గీతలు గీశాను. ఇయ్యాల వేసిన గోళీలో మూడింట రెండు వంతుల మందు రేపటికి ఒంట్లోనే ఉంటుంది, దాని మీద రేపటి గోళీ పడుతుంది, దీన్నే అధ్యారోపణ సూత్రమంటారు, అంటూ ఎత్తుకున్నాను.

మామ గీతలు చూడలేదు. పైకప్పు చూస్తూ అన్నాడు.

“అంటే బస్సు ఖాళీగ బయల్దేరితే, ప్రతి స్టేజీల పది మంది ఎక్కుతరు. ఉన్నోళ్లల్ల మూడో వంతు దిగుతరు. జర దూరం పోయినంక ఎక్కేటోళ్లు, దిగేటోళ్లు సమానమైతరు. గప్పుడు బస్సు నిండినట్టు లెక్క. గంతేనా?”

“గంతే మామా.”

“మరి గీ గీతలెందుకు?”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“వారం, ఎనిమిది రోజులకు ఒంట్ల మందు ఒక కాడ నిలబడతది. అంతదాక ఆగాలె,” అని మాత్రం చెప్పాను.

ఇంటికి పోయాక గోళీల డబ్బా అత్త తన చేతిలోకి తీసుకుంది. రోజూ పొద్దున ఏడింటికి ఒకటి ఇచ్చి, మింగాడో లేదో నోరు తెరిపించి చూసేది. నా లెక్క నిలబడాలంటే మందు వేళకు కడుపులో పడాలి. ఆ సంగతి పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది, నేను దాన్ని క్లాసులో ఎప్పుడూ దాటేసేవాణ్ణి.

పదో రోజున ముగ్గురం దవాఖానకు పోయాం. డాక్టరమ్మ మామ చేతికి పట్టీ చుట్టి చూసి, బీపీ సరిగ్గా ఉందంది. నేను మెచ్చుకోలు కోసం మామ వైపు తిరిగాను. ఆయన ఆ మిషన్‌ను ఇష్టంగా చూస్తున్నాడు.

“గీ మిషన్ మంచిది అల్లుడా. మా ఆర్‌ఎంపీది ఖరాబున్నట్టుంది.”

అత్త నవ్వలేదు. కొత్త చీటీ తీసుకుని మందుల కిటికీ దగ్గర లైన్లో నిలబడింది.