కారం నూరడం నేర్పబోయి

పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో గ్రామసేవికగా కొత్తగా చేరాను. నా మొదటి పాఠం ‘ఇంట్లోనే సులువుగా ఎండుమిరప కారం’. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కారం నూరుతున్న ఆడవాళ్లకు అచ్చుకాగితం చూసి నేను నేర్పాలి. పైఅధికారి కూడా వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

నానిన మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు రోట్లో వేసి, చేత్తో తోస్తూ నూరాను. పరిశుభ్రత గురించి చెబుతూ అదే చేత్తో కళ్ల మీది చెమట తుడుచుకున్నాను. కళ్లు భగ్గుమన్నాయి. నీళ్లు, నీళ్లు అని కేకలు పెట్టాను. ఫాతిమాబీ అనే పెద్దామె ఇంట్లోంచి కడవ తెచ్చి, అడుగంటేదాకా నా మొహాన పోసింది.

మంట తగ్గాక, ఇన్ని నీళ్లు ఎక్కడివని అడిగాను.

“రెండు మైళ్లు పోయి తెచ్చినేటివమ్మా. ఈపొద్దుకు ఇంట్లో ఇంకేం లేవు. కారం మేము నూరుకుంటాం గానీ, మీ సారుకు చెప్పి ఈడ ఒక బాయి తవ్వియ్యమ్మా” అంది.

అధికారి వెంటనే ఏదో రాసుకున్నారు. బావి గురించే అనుకుని సంతోషించాను. తీరా చూస్తే, ‘మహిళలు కారం తయారీ ఆసక్తిగా నేర్చుకున్నారు’ అని ఉంది. ఉద్యోగం కొత్త, ఆయన పైవాడు. కింద నేనూ సంతకం పెట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.