నాలుగో ఇంక్యుబేటర్‌ను దించిన రోజు

జూబ్లీహిల్స్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బయోమెడికల్ ఇంజినీరుగా నేను చేరిన మూడో ఏడు, ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, నవజాత శిశువుల ఐసీయూలో నాలుగో ఇంక్యుబేటర్ దగ్గర ఉన్నవారూ ఉన్నవీ ఇవి. అందులో, ఇరవై ఎనిమిదో వారంలోనే పుట్టిన ఆడపిల్ల: బరువు తొమ్మిది వందల ఇరవై గ్రాములు, వయసు ముప్పై గంటలు. ఒక వెంటిలేటర్. నాలుగు సిరంజి పంపులు. నర్సు సుజాత. డ్యూటీ డాక్టర్ భాను. మార్కెటింగ్ మేనేజర్ కిరణ్. ఒక ఫొటోగ్రాఫర్. ఆ వార్డుకు కొత్త మానిటర్ విరాళమిచ్చిన ఒక సినిమా హీరో. నేను. అద్దం అవతల పాప తండ్రి యాదగిరి. ఆయన కృష్ణానగర్‌లో ఉంటాడు, షూటింగుల్లో లైట్‌మన్. పాప తల్లి ఆపరేషన్ కుట్లతో పై అంతస్తులో ఉంది.

ఆ ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. మళ్లీ ఆస్పత్రి పనికి వెళ్లను కనుక రిటైరైనట్టే లెక్క. యంత్రాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూడడం అప్పటి నా పని.

జరిగింది అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. మన ఒంట్లో రక్తపోటు పెరిగితే మెదడు రక్తనాళాలు సన్నబడతాయి, తగ్గితే వెడల్పవుతాయి. పోటు ఎలా మారినా మెదడుకు చేరే రక్తం దాదాపు ఒకేలా ఉంటుంది. నెలలు బాగా ముందుగా పుట్టిన బిడ్డకు ఈ సర్దుబాటు ఇంకా సరిగా రాదు. పోటు పెరిగితే ఆ తాకిడి మెదడు నడుమ ఉండే సున్నితమైన నాళాల మీదే పడుతుంది. అవి చిట్లితే మెదడులో రక్తస్రావం. మొదటి మూడు రోజులే ఎక్కువ ప్రమాదం. అందుకే తల మధ్యలోనే ఉంచాలి, డైపర్ మార్చేటప్పుడు కాళ్లు పైకెత్తకూడదు, మందు మెల్లగా ఎక్కించాలి, అనవసరంగా కదపకూడదు. ఇవన్నీ గోడ మీద అంటించి ఉన్నాయి.

ఫొటోగ్రాఫర్ రెండుసార్లు కెమెరా దించాడు.

“సార్ ఫ్రేమ్‌లో ఉంటే పాప లేదు, పాప ఉంటే సార్ లేరు.”

కిరణ్ నా వైపు తిరిగాడు. “బ్రదర్, సార్ ఆరడుగులు. నీ డబ్బా కొంచెం దించు.”

“మూడు రోజులు కదపొద్దని రాసుంది కదా సార్,” అంది సుజాత.

“కదపట్లేదు కదమ్మా, దించుతున్నాం అంతే. రెండే నిమిషాలు.”

“పాపకి ఇబ్బందేం ఉండదు కదండీ?” అని అడిగింది ఆ గదిలో హీరో ఒక్కడే. ఏం ఉండదన్నాడు కిరణ్. డాక్టర్ భాను ఫ్రేమ్‌కు అడ్డం లేకుండా పక్కకు జరిగాడు.

ఎత్తు మార్చే పెడల్ నొక్కింది నేనే. ఇంక్యుబేటర్ పదిహేను సెంటీమీటర్లు దిగింది.

పాప బొడ్డు ధమనిలో సన్నటి గొట్టం ఉంది. దాని రెండో కొసన ట్రాన్స్‌డ్యూసర్ అనే చిన్న పరికరం రక్తపోటును కొలిచి మానిటర్‌కు పంపుతుంది. అది ఎప్పుడూ బిడ్డ గుండె ఎత్తులోనే ఉండాలి. ఇంక్యుబేటర్‌కున్న కడ్డీ నిండా సిరంజి పంపులు ఉండడంతో ట్రాన్స్‌డ్యూసర్‌ను పక్కనున్న విడి స్టాండుకు బిగించారు. బిడ్డ దిగింది, అది దిగలేదు. అది గుండె కన్నా ఎత్తులో ఉంటే పోటు తక్కువగా కనిపిస్తుంది. పదిహేను సెంటీమీటర్లకు పదకొండు పాయింట్లు తక్కువ. వార్డులో అందరికన్నా బాగా ఈ లెక్క తెలిసినవాణ్ణి నేను.

ఫొటో అయ్యాక ఇంక్యుబేటర్‌ను పైకి లేపాల్సింది. కారిడార్‌లో గ్రూప్ ఫొటోకు రమ్మని కిరణ్ పిలిస్తే వెళ్లాను. నా చేతికి బొకే ఇచ్చారు. లోపల మానిటర్ మీద ఇరవై తొమ్మిది ఉండాల్సిన సగటు పోటు పద్దెనిమిది చూపించి అలారం కొట్టింది. డాక్టర్ భాను తొమ్మిది మిల్లీలీటర్ల సెలైన్ వెంటనే ఎక్కించమన్నాడు. అరగంటలో వెళ్లాల్సింది సిరంజితో నిమిషాల్లో ఎక్కిస్తున్నారు. నేను తిరిగొచ్చి, స్టాండు వంకా బిడ్డ వంకా చూసి ఆపమనేసరికి ఆరు మిల్లీలీటర్లు అయిపోయాయి. ట్రాన్స్‌డ్యూసర్‌ను గుండె ఎత్తుకు దించాను. అప్పుడు కనిపించిన అసలు సగటు ముప్పై ఎనిమిది, ఉండాల్సినదానికన్నా తొమ్మిది ఎక్కువ.

మర్నాడు తల అల్ట్రాసౌండ్‌లో ఎడమవైపు రక్తస్రావం కనిపించింది. నాలుగు గ్రేడుల్లో మూడోది. ముందురోజు పొద్దున తీసిన దాంట్లో లేదు.

నేను జరిగిందంతా ఆస్పత్రిలో పొరపాట్లు నమోదుచేసే ఫారంలో రాసి ఇచ్చాను. దాన్ని “పరికరంలో లోపం లేదు” అని రాసి మూసేశారు. అది నిజమే, లోపం పరికరంలో లేదు. ఇంత ముందుగా పుట్టిన బిడ్డల్లో ఏ తప్పూ జరగకపోయినా రక్తస్రావం రావచ్చని, కారణం ఆ పెడల్ నొక్కడమేనని ఎవరూ తేల్చలేరని డాక్టర్ భాను అన్నాడు. అదీ నిజమే. తేల్చలేకపోవడాన్ని అందరూ ఎంత హాయిగా వాడుకున్నారో తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కిరణ్‌కు ఆ నెల ఫొటో బాగా వచ్చిందని మెప్పు దొరికింది.

తండ్రికి ఎవరూ చెప్పలేదు. నేనే క్యాంటీన్ దగ్గర నిలబెట్టి చెప్పాను. పెడల్ నొక్కింది నేనేనని కూడా చెప్పాను. ఆయన నా కాళ్ల వంక చూశాడు.

“మేం లైటు దించాలంటే ముందు కింద ఎవడన్నా ఉన్నడా అని సూస్తం సార్. సూడకపోతే మల్ల పనికి పిలవరు. గిది పదో తరగతి తప్పినోనికి గూడ ఎరుకే. మీరెంత దాకా సదివిన్రు?”

ఎంటెక్ అన్నాను.

“మంచిగ సదివిన్రు,” అని పైకి వెళ్లిపోయాడు.

పాప బతికింది. రెండో ఏట నడిచింది. మెదడు ఎడమవైపు నడిపేది కుడి కాలిని; పాప కుడి మడమ నేలకు ఆనదు. ఫిజియోథెరపీ గది బయట ఆయన నాకు రెండుసార్లు ఎదురుపడ్డాడు, పలకరించలేదు. ఆయన పలకరించాలని నేనూ అనుకోను.

నేర్చుకున్నది ఇది. అంకె మారితే బిడ్డకు మందు వేసే ముందు, ఆ అంకెను కొలిచేది ఏ ఎత్తులో ఉందో చూడాలి. దానికన్నా ముందు, బిడ్డను కదిపే అధికారం వైద్యానికి తప్ప ఇంకే పనికీ ఇవ్వకూడదు. రెండోది రూల్‌గా పెట్టమని మూడుసార్లు రాశాను, పెట్టలేదు. మొదటిదానికి ఎవరి అనుమతీ అడగలేదు. ఇంక్యుబేటర్‌తో పాటే ట్రాన్స్‌డ్యూసర్ కూడా ఎక్కి దిగేలా, దాన్ని ఇంక్యుబేటర్ చట్రానికే బిగించాను. వార్డులో ఇంక్యుబేటర్లు పన్నెండు. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు పట్టింది. మొత్తం నలభై ఎనిమిది నిమిషాలు.