మా ఇంటి మధ్యాహ్నం

మా వంశంలో మధ్యాహ్నం ఎప్పుడైందో చెప్పే హక్కు పెద్దకొడుకుది. అతను చెప్పేదాకా ఇంట్లో మగవాళ్ళు అన్నం ముట్టరు. ఒకప్పుడు కడప చుట్టుపక్కల చాలా ఊళ్ళకు మేం చెబితేనే మధ్యాహ్నమయ్యేది. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ మా ఇంటి ముందు బండ్లు ఆగి ఉండేవి. ఇప్పుడు మేం చెప్పే మధ్యాహ్నం కోసం ఎదురుచూసేది మా చిన్నాయన ఒక్కడే. పెద్దకొడుకుని నేను. కువైట్‌లో, సల్వాలో ఒకరింట్లో కారు నడుపుతాను.

పెద్దకొడుకు ఎక్కడుంటే యంత్రం అక్కడే ఉండాలి కాబట్టి దాన్ని నాతోనే తెచ్చుకున్నాను. విమానాశ్రయంలో పెట్టె తెరిపించి ఇదేమిటని అడిగారు. పళ్ళెం అని చెప్పాను. ఆ మాట అన్నందుకు గదికి చేరగానే స్నానం చేశాను.

అది జానెడు వెడల్పున్న ఇత్తడి యంత్రం. వెనకవైపు రెండు చిల్లులున్న కడ్డీ ఉంటుంది. యంత్రాన్ని ఉంగరంతో వేలాడదీసి, రెండు చిల్లుల్లోంచీ ఎండ దూరేలా కడ్డీ తిప్పితే సూర్యుడి ఎత్తు తెలుస్తుంది. ముందువైపు గీతలు చెక్కిన పలక ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నానికి సూర్యుడు ఎంత ఎత్తులో ఉండాలో ఆ పలక చెబుతుంది. రెండు లెక్కలూ కలిసిన క్షణమే మధ్యాహ్నం. పలక అంచున ఇరవై తొమ్మిది అనే అంకె ఉంది. అది యంత్రం చేసేనాటికి మా వంశకర్త వయసని మా తాత చెప్పేవాడు.

మా ఊళ్ళో లెక్కలు ఒక పట్టాన కలిసేవి కావు. సూర్యుడు పలక చెప్పినదానికన్నా పైన ఉండేవాడు. అంటే చూసినవాడికి మైల అంటినట్టు. తాత వెళ్ళి స్నానం చేసి వచ్చి మళ్ళీ చూసేవాడు. మళ్ళీ స్నానం. చివరికి సూర్యుడే పలక చెప్పిన ఎత్తుకు దిగేవాడు. అప్పుడు విస్తళ్ళు వేసేవారు. ఎండాకాలంలో తేడా అంతగా తెలిసేది కాదు కానీ, చలికాలంలో మా మధ్యాహ్నం వచ్చేసరికి ఇరుగుపొరుగు ఓ కునుకు తీసి లేచేవారు. ఒక మాఘమాసంలో ఊరి పెద్దరెడ్డి కూతురి పెళ్ళిలో ముహూర్తం కోసం జనం ఎండలో కూర్చుని కూర్చుని, ముగ్గురు పడిపోయారు. మరుసటి పెళ్ళికి వాళ్ళు గోడగడియారం ఉన్న సిద్ధాంతిని పిలిచారు. గడియారం పరదేశీ యంత్రమనీ, దాన్ని నమ్మినవాళ్ళ సంగతి కాలమే చెబుతుందనీ తాత అన్నాడు. కాలం చెప్పింది. మా ఇంటి ముందు బండ్లు ఆగడం మానేశాయి.

కువైట్‌లో మొదటిరోజే నాకు ఒక్కసారికే లెక్కలు కలిశాయి. మళ్ళీ స్నానం చేయాల్సిన పని లేకపోయింది. తాతకన్నా నేను శుచిగా ఉన్నానని అర్థం చేసుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. రోజూ పెరట్లో చూసి చిన్నాయనకు ఫోన్ చేసేవాణ్ణి. ఆయన అప్పుడు కంచం ముందు కూర్చునేవాడు.

ఆ ఇంటి వంటాయన రాయచోటి సాయిబు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"సామీ, ఈడ పన్నెండు కొట్టేతలికి ఆడ రెండు దాటిపోతాది కదా. ముసలాయన అంతసేపు కడుపు మాడ్చుకోనుంటాడా?"

"చలికాలంలో మా ఇంట్లో ఎప్పుడూ ఆ వేళకే తింటాం," అన్నాను.

"సరే పో సామీ. మీ ఇంటి సూర్యుడు, మీ ఇష్టం."

ఈ ఏడు మాఘంలో చిన్నమ్మ ఫోన్ చేసింది. చిన్నాయనకు చక్కెర జబ్బు. వేళకు తినమని డాక్టరు మందులిచ్చాడు. ఆయన మందులు వేళకు వేసుకుని, అన్నం మాత్రం మా మధ్యాహ్నానికి తింటున్నాడు. ఆ వారంలో రెండోసారి వసారాలో పడిపోయాడు. "నువ్వు చెప్తే తప్ప తినడు. రేపు ఏమన్నా అయితే ఎవర్ని అడగాల నాయనా?" అంది. వేళ కాకుండానే అయిందని చెప్పమంటోందని నాకు అర్థమైంది. మా వంశంలో ఆ అబద్ధం ఎవరూ ఆడలేదు. నేనూ ఆడలేనని చెప్పాను.

ఆ తర్వాతి శుక్రవారం ఉదయం ఇంటి పెద్దాయన, అంటే మా యజమాని తండ్రి, యంత్రం తీసుకుని దివానియాకు, అంటే వచ్చినవాళ్ళు కూర్చునే హాలుకు, రమ్మని కబురు పంపాడు. నేను రోజూ సూర్యుడి మీద ఏదో ప్రయోగం చేస్తున్నానని మామా, అంటే ఇంటి యజమానురాలు, భయపడి ఆయనకు చెప్పిందట. పెద్దాయన పూర్వీకులు బొంబాయికి పడవలు నడిపినవాళ్ళు. ఆయన మాట్లాడేది పాత బొంబాయి హిందీ. నాకు హిందీ అంతంత మాత్రం కాబట్టి వంటాయన పక్కన నిలబడ్డాడు.

పెద్దాయన యంత్రాన్ని చూశాడు. లేచి అద్దాల బీరువాలోంచి తన యంత్రం తీసి పక్కన పెట్టాడు. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. నా యంత్రం మీద ఒక చుక్కను చూపించి పేరడిగాడు.

"మత్స్యోదరం," అన్నాను. "పంచాంగాల్లో దొరకదు. మా వంశకర్త కనిపెట్టిన చుక్క."

ఆయన తన యంత్రం మీద అదే చోట వేలు పెట్టి ఏదో అన్నాడు.

"ఆయన దాంట్లో గూడా చేప కడుపేనంట సామీ," అన్నాడు వంటాయన. "అరబ్బీలో. ఢిల్లీలో సుల్తానులుండే కాలంలో మీ పంతుళ్ళు, మా వాళ్ళు కలిసి కూర్చోని, ఈ విద్యను సంస్కృతంలోకి దింపుకున్నారంట. గడియారం పరదేశీదని మీ తాత అనేవాడని చెప్తివే. ఇదెవరిది మరి?"

పెద్దాయన ఇంకో మాట అన్నాడు. అరబ్బులు దీన్ని గ్రీకుల దగ్గర నేర్చుకున్నారట. వాళ్ళదీ కాదని తెలిశాక నాకు కొంత ఊరట కలిగింది.

తర్వాత ఆయన పలక అంచున ఉన్న అంకె ఏమిటని అడిగాడు. చెప్పాను. అది వయసు కాదు, ఊరి అక్షాంశం అన్నాడు. ఒక్కో ఊరికి ఒక్కో పలక ఉంటుంది. ఇరవై తొమ్మిది ఢిల్లీకి దగ్గర. కువైట్‌కూ సరిపోతుంది. కడపకు సరిపోదు, దక్షిణాన సూర్యుడు ఇంకా పైకి ఎక్కుతాడు. మా వంశకర్త ఢిల్లీలో చదువుకుని యంత్రాన్ని దక్షిణానికి తెచ్చి ఉండాలి. అప్పటినుంచి మేము ఢిల్లీ మధ్యాహ్నానికి కడపలో అన్నం తింటున్నాం.

"అడుగున ఇంకా పలకలుంటాయంట," అన్నాడు వంటాయన. "నడిమధ్య చీల తీస్తే వస్తాయంటాండాడు."

ఆ చీల తీయకూడదు. అది యంత్రానికి ప్రాణమని చెప్పి తాత దానికి రోజూ కుంకుమ పెట్టేవాడు. పెద్దాయన చెయ్యి చాపాడు. నేను యంత్రాన్ని వెనక్కి లాక్కున్నాను. అడుగున పలక లేకపోతే మా వంశకర్త తెలివితక్కువవాడు. ఉంటే, ఆయన తర్వాత పుట్టినవాళ్ళమంతా తెలివితక్కువవాళ్ళం. వసారాలో పడిపోయిన చిన్నాయన గుర్తొచ్చాడు. చీల తీసేదైతే పెద్దకొడుకే తీయాలని చెప్పి నేనే తీశాను.

అడుగున ఇంకో పలక ఉంది. నిన్ననే పోత పోసినట్టు మెరుస్తోంది. దాని అంచున పద్నాలుగు అని ఉంది.

"పద్నాలుగేండ్లప్పుడు ఇంకొకటి చేసినాడా సామీ మీ వంశకర్త?" అని వంటాయన నవ్వాడు. నేను నవ్వలేదు. పద్నాలుగు మా ఊరు.

అప్పుడు ఇక్కడ పది దాటింది. మా ఊళ్ళో పన్నెండున్నర. నేను చిన్నాయనకు ఫోన్ చేశాను.

"చిన్నాయనా, మధ్యాహ్నమైంది. భోంచెయ్యి."

"ఇప్పుడా? ఇంకా ఎండ నెత్తిమీదే ఉంది కదరా!"

"నెత్తిమీద ఉన్నప్పుడే మధ్యాహ్నం."

"మీ చిన్నమ్మ చెప్పమందా?"

"కాదు. యంత్రమే చెప్పింది. మన ఊరి పలక అడుగున ఉంది. వంశకర్త పెట్టే పోయాడు."

"అయితే మీ తాత తప్పు చూసినాడంటావా?"

"తాత సరిగానే చూశాడు. పలక వేరే ఊరిది."

"ఇదంతా నీకెవరు చెప్పినారు?"

నిజం చెప్పాను. ఇక్కడి ఇంటి పెద్దాయన అని, అరబ్బు అని, ఆయన దగ్గరా ఇలాంటి యంత్రమే ఉందని.

"చీల ఎవరు తీసినారు?"

"నేనే."

"స్నానం చేసే తీసినావా?"

"చేసే తీశాను."

ఆయన ఫోన్ పక్కన పెట్టాడు. "ఏమే, వడ్డించు," అని కేక వేయడం వినిపించింది. లోపలినుంచి చిన్నమ్మ గొంతు వచ్చింది.

"ఇప్పుడా? అన్నం ఇంకా పొయ్యి మీదే ఉంది!"