ఒక్కసారి వద్దంటే

కువైట్‌లో అన్నేండ్లు ఉండి ఏం నేర్చుకుంటివని ఎవురన్నా అడిగితే, వద్దు అనే మాటను ఎన్ని రకాలుగా చెప్తారో నేర్చుకున్నా అంటా. నేర్చుకున్నా అనేది కూడా ఉత్త మాటే. ఇప్పటికీ నాకు అర్థమై చావలేదు.

జహ్రాలో ఒక పెద్దింట్లో పని నాది. వంట చేసేది, ఇల్లు తుడిచేది, పిల్లోళ్ల బట్టలు చూసేది. ఆ ఇంటామెను పనోళ్లందరి మాదిరే నేనూ మామా అని పిలుస్తాంటి. వాళ్ల అరబ్బీలో లేదు అనేదానికి ఒక మాటా, రెండు మాటలా? చక్కెర అయిపోతే ఇంట్లో వాళ్లు "మాకూ" అనుకుంటారు. మా కడప పక్క చెయ్యమాకు, పోమాకు అంటే వద్దని కదా, ఈళ్లు ఏ పని వద్దంటాండారో అని మొదట్లో చీపురు పట్టుకోని అట్లే నిలబడిపోతాంటి. అదే సంగతి నాతో చెప్పాలంటే మాత్రం "మాఫీ" అంటారు. ఒక పని చెయ్యొద్దంటే "లా". డ్రైవరు మళ్లీ హిందీలో నహీ అంటాడు, మత్ అంటాడు. పొద్దు మునిగేసరికి నా బుర్రలో అన్నీ కలిసి సంగటి అయిపోతాండె.

ఇవన్నీ ఒకెత్తు, నోరు తెరవకుండా చెప్పేది ఒకెత్తు. గడ్డం పైకెత్తి, నాలికతో టక్‌మని ఒక చప్పుడు చేస్తారు. మా ఊర్లో గడ్డం ఎగరేస్తే ఏంది అని అడిగినట్టు. దాంతోనే నాకు మొదటి దెబ్బ తగిలింది.

ఆ ఏడు నా బిడ్డకు తొలి కానుపు. తొలి కానుపు పుట్టింట్లో, తల్లి దగ్గర జరగాల. ఆ తల్లి యాడుంది? జహ్రాలో చేపలు కడుగుతాంది. ఊర్లో ఇంట్లో ఉండేది మా అత్త, నా బిడ్డకు జేజి, ఒక్కతే, ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. నొప్పులొస్తే ఆ ముసలామె ఏం చేస్తాది, ఎవురిని పిలుస్తాది అని నాకు ఒకటే దిగులు. ఎట్లన్నా చేసి నెలలు నిండేలోపల పోవాల అనుకున్నా.

మామా టీ తాగుతాంటే పోయి, ఊరికి పంపీమని అడిగినా. ఆమె గడ్డం పైకెత్తి టక్‌మనింది. వినపడలేదేమోలే అని మళ్లీ చెప్పినా. మళ్లీ టక్. ఇంకా గట్టిగా, చెవిటిదానికి చెప్పినట్టు చెప్పినా. మామా మొగం ముడుచుకోని లేచి లోపలికి పోయింది. నేనేం కాని మాట అన్నానో నాకు తెలీలేదు.

పక్కింట్లో వంట చేసే కోనసీమామె ఉండేది. చెత్త పారేసే కాడ కలిస్తే ఈ సంగతి చెప్పినా. ఆమె పడీపడీ నవ్వి, అది వద్దనడమేనమ్మా అనింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అయినా ఇంకో దినం మామా మంచిగా ఉండేది చూసి మళ్లీ అడిగినా. ఈసారి గడ్డం ఎత్తలేదు, "ఇన్‌షాల్లా" అనింది. నేను సంబరంగా పోయి కోనసీమామెకు చెప్తే ఆమె నవ్వలేదు.

"అది అవుననీ కాదు, కాదనీ కాదమ్మా. దేవుడి మీద పెట్టేశారు, అంతే," అనింది.

ఇంగ నేను ఏమనుకోవాల? సంచి సర్దుకోవాల్నా, వద్దా? వంట చేస్తా చేస్తా ఉప్పు వేసినానో లేదో మర్చిపోతాంటి.

అట్లుండగా ఒక మధ్యాన్నం మామా తనంతట తానే వంటింట్లోకి వచ్చింది. ఊరికి పోతావా, పోయేటట్టయితే టికెట్టు తీయిస్తా అనింది. నా గుండె ఎగిరిపడింది. నోరు మాత్రం ఏమనిందో తెలుసా?

"లా మామా. వద్దులే. నీకు కష్టమైతాది."

మా ఇండ్లల్లో ఎవురన్నా ఏమన్నా ఇస్తామంటే ఎగబడి తీసుకోరు. మొదట వద్దనాల. వాళ్లు అట్లంటే ఎట్ల అంటారు. మళ్లీ వద్దనాల. వాళ్లు చెయ్యి పట్టుకోని బలవంతం చేస్తే అప్పుడు సరేననాల. అది మర్యాద, చిన్నప్పట్నుంచి ఒంటబట్టింది. నేను వద్దని చెప్పి, రెండోసారి అడుగుతుందని మామా మొగం కల్లా చూస్తా నిలబడినా. మామా "జేన్" అని, నా భుజం తట్టి, నవ్వుకుంటా పోయింది. జేన్ అంటే మంచిది అని.

ఒక్కసారి వద్దంటే ఊరుకుంటారా ఎవురన్నా? ఆ కోపం ఎవురి మీద చూపించాలో తెలీక గిన్నెలను ఎత్తెత్తి కుదేసినా. సాయంత్రం పోయి, నేను పోవాల మామా అని మొగాన్నే చెప్పేద్దాం అనుకున్నా. దానికి ముందు కార్డు గీకి బిడ్డకు ఫోన్ చేసినా. ఎట్లుండావు అంటే బాగుండా అనింది. నేను రావాల్నా అని అడిగినా.

"వద్దులే మా. జేజి ఉంది కదా. నువ్వు రామాకు," అనింది.

నాకు నెత్తిన మోపు దించినట్టాయ. అమ్మయ్య, ఇంగ మామా ముందర నోరు తెరిచే పని లేదు అనుకున్నా. ఆ సాయంత్రం మామా దగ్గరికి పోలేదు.

కానుపు కష్టమైంది. నొప్పులొచ్చినప్పుడు మా అత్త తడుముకుంటా నాలుగిండ్ల తలుపులు కొట్టి ఆటో పిలిపించింది. తల్లీ పిల్లా బతికి బయటపడిరి, అదే పదివేలు. నేను ఊరికి పోయేసరికి మనవరాలు గోడ పట్టుకోని నడుస్తాంది. నన్ను చూసి ఏడ్చి వాళ్ల అమ్మ కొంగు చాటుకు పోయింది.

ఆ పొద్దు నా బిడ్డ నాకు అన్నం పెట్టింది. తిన్నాక మారు వడ్డించేదానికి వస్తే, చాలు, వద్దు అని చెయ్యి అడ్డం పెట్టినా. అట్లంటే ఎట్ల మా అని నా చెయ్యి పక్కకు తీసి, గరిటెతో అన్నం పెట్టింది. పెడతా, నా మొగం చూడకుండా అనింది.

"నేను ఒక్కసారి వద్దంటే ఊరుకుంటివే మా."

ఆ అన్నం నేను వద్దనలేకపోతి. తినలేకపోతి.