వంటశాల వెనక పొగ

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలు పోవడమే. మోసేవాడికి భుజం నొప్పి పుట్టాలి కదా? నాకు మొన్నటి దాకా పుట్టలేదు. తిన్నాను, నిద్రపోయాను, ప్రమోషన్ తీసుకున్నాను. మొన్న కర్నూలులో ఒక హాలు నిండా కూర్చున్న కుర్ర ఇంజనీర్ల ముందు అదే అబద్ధం మళ్ళీ చెప్పాను. వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు విన్నప్పుడు నా మీద నాకే రోత పుట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. జాలిపడే రకమైతే ఇక్కడే ఆపెయ్యండి. మీ జాలి నాకక్కర్లేదు.

నేను ప్రభుత్వ ఇంజనీరుని. పేరు చెప్పను. చెప్పకపోవడం పిరికితనమే. ఇంతకు ముందు చేసినదంతా పిరికితనమే అయినప్పుడు ఇదొక్కటి దాచుకోవడం పెద్ద వింత కాదు.

వేంపల్లె వైపు పోయే దారుల్లో ఒకదాని పక్కన ఆడపిల్లల ప్రభుత్వ హాస్టలు ఉంది. నేనక్కడ పని చూస్తున్న రోజుల్లో పైనుంచి కొత్త మాట దిగింది. గాలిలోకి వదిలే కర్బనం తగ్గించాలి. ప్రభుత్వం ఇచ్చే ప్రతి కాంట్రాక్టులోనూ ఆ హామీ ఉండాలి. హాస్టలు వంటకు కట్టె వాడకూడదు. ఎండ వేడితో ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితోనే అన్నం, పప్పు ఉడికించాలి. అందుకోసం మేడ మీద తిరగేసిన గొడుగుల్లాంటి పెద్ద పెద్ద అద్దాలు పెట్టారు. మబ్బు పట్టిన రోజుకు గ్యాసు. కట్టె పుల్ల ముట్టించినట్టు తేలితే కాంట్రాక్టు రద్దు. మాట చెడ్డది కాదు, అది ఒప్పుకోవాలి. మా సీమలో ఎండకు ఎప్పుడూ కరువు లేదు. కరువంతా నీళ్ళకే.

అక్కడే వచ్చింది చిక్కు. చుట్టూ బండల ఫ్యాక్టరీలు. రాయి కోసిన దుమ్ము తెల్లగా వచ్చి అద్దాల మీద పడుతుంది. రోజూ నీళ్ళతో కడగాలని కాంట్రాక్టులో రాశారు. ఏ నీళ్ళతోనో రాయలేదు. రాసినవాడు ఏ రాజధానిలోనో కూర్చుని, కొళాయి తిప్పితే మంచినీళ్ళొచ్చే ఇంట్లో పుట్టి ఉంటాడు. హాస్టల్లో ఉన్నది బోరు నీళ్ళు. నోట పోసుకుంటే ఉప్పు. మంచినీళ్ళు ట్యాంకరులో వస్తాయి, అవి పిల్లలు తాగడానికే చాలవు. బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే అద్దం ఏమవుతుంది? సున్నం పూసినట్టవుతుంది. అది నాకు తెలియదా? మాది పత్తికొండ పక్క పల్లె. మా ఇంట్లో చెంబులన్నీ తెల్లటి చారలే. మా అమ్మ చింతపండు పెట్టి తోమితోమి విసిగిపోయి, ‘ఈ నీళ్ళ మొహం మండ’ అని తిట్టుకునేది. అది వింటూ పెరిగినవాణ్ణి. తెలిసే, అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టాను.

ఎందుకు పెట్టావు అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మార్చి నెల. ఫైలు ముగించకపోతే పై అధికారి మొహం చూడలేం. పరీక్షించిన రోజు అద్దాలు కొత్తవి, ఎండ మంచి ఎండ, అన్నం మల్లెపూవులా ఉడికింది. ఇంకేం కావాలి? మేడ మీదకు మంచినీళ్ళు ఎక్కించాలంటే మళ్ళీ అంచనాలు, మళ్ళీ అనుమతులు. బద్ధకం అని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. బద్ధకానికి కారణాలు వెతకడంలో చదువుకున్నవాడిని మించినవాడు లేడు.

ఉగాదికి ఆ అద్దాల్లో తలదువ్వుకునేంత మెరుపు ఉండేది. దసరా నాటికి అవి గుడ్డివైపోయాయి.

వంటమనిషి పేరు రాహేలమ్మ. నెరిసిన జుట్టు, గట్టి గొంతు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమేనని పిల్లలు చెప్పేవాళ్ళు. మొగుడు లేడు. ఒక్కతే కూతురు, ఆ హాస్టల్లోనే తొమ్మిదో తరగతి. ఆవిరి రావడం లేదని, అన్నం పలుకు మీదే ఉంటోందని, పిల్లలు కడుపునొప్పితో బడికి పోతున్నారని నాతో చెప్పింది ఆమే. కాంట్రాక్టరును గ్యాసు అడిగితే, మబ్బు రోజుల లెక్క దాటి ఒక్క బండ కూడా ఇవ్వనన్నాడు. అద్దాలు పాడయ్యాయని రాస్తే నా సంతకం బయటికొస్తుంది. అప్పుడు రాహేలమ్మకు నేనే ఉపాయం చెప్పాను. ఊరి బయట ముళ్ళ చెట్లున్నాయి కదా, ఆ సర్కారు కంప కొట్టించి తెప్పించు, వంటశాల వెనక గోడ చాటున పొయ్యి పెట్టుకో అన్నాను. కట్టె ముట్టించకూడదంటిరే అని ఆమె భయపడింది. నేను చూసుకుంటాను అన్నాను.

చూసుకున్నాను. కంచె చేను మేసినట్టే చూసుకున్నాను.

పైనుంచి ఒక అధికారిణి తనిఖీకి వచ్చిన రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. పొగ గోడ దాటి నేరుగా వరండాలోకి వచ్చింది. వచ్చిన మేడం పొగ వెంటే నడిచి పొయ్యి దగ్గరకు వెళ్ళింది. పెద్ద గుండిగలో సాంబారు మరుగుతోంది. రాహేలమ్మ చేతిలో గరిటెతో నిలబడి ఉంది. ‘ఇదేమిటి?’ అని మేడం నన్ను అడిగింది. ఆమెను కాదు, నన్ను.

అద్దాలు పాడయ్యాయి అంటే సరిపోయేది. తప్పు నాది అంటే ఇంకా సరిపోయేది. ఏం జరిగేది? ఒక మెమో. మహా అయితే బదిలీ. నేను నవ్వి, ఇంగ్లీషులో కాదు, రాహేలమ్మకు అర్థమయ్యే తెలుగులోనే అన్నాను: ‘వీళ్ళకు కట్టెల పొయ్యే అలవాటు మేడం. ఎంత చెప్పినా వినరు. ఆ పొగ వాసన లేకపోతే వీళ్ళకు ముద్ద దిగదు.’

వీళ్ళు. ఆ మాట నా నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో! వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. మా ఇంట్లో, మా వీధిలో, రాహేలమ్మ లాంటివాళ్ళు అరుగు దిగువన నిలబడినప్పుడల్లా పెద్దలు వాడిన మాటే అది. చదువు, ఉద్యోగం, కర్బనం మీద ఉపన్యాసాలు, వీటన్నిటి అడుగున అది భద్రంగా ఉంది. మేడం తల ఊపింది. ఆవిడకూ నమ్మడం తేలికే అయింది. రాహేలమ్మ నా వైపు చూసింది. గరిటె గుండిగ మీద పెట్టి పక్కకు తప్పుకుంది. ఎదురు చెబితే ఆ హాస్టల్లోనే ఉన్న కూతురి చదువు ఏమవుతుందో మరి. సాయంత్రానికి ఆమెను పనిలోంచి తీసేశారు. కాంట్రాక్టరు మిగిలాడు. నేను మిగిలాను.

తరువాతి ఆదివారం ఆమె కూతుర్ని చూడటానికి వచ్చింది. గేటు దగ్గర నన్ను ఆపింది.

"సారూ, కట్టెలు తెమ్మన్నది ఎవురు?"

నేను గడియారం చూసుకున్నాను.

"నిన్నే అడుగుతాండా. ఎవురు తెమ్మన్నారు?"

"నాకు వేరే దారి లేకపోయింది రాహేలమ్మా."

"దారి ల్యాకపోతే నా మీద నడ్సి పోతావా? పని పోతే పోనీ, యాడన్నా కూలికి పోతా. అలవాటు అంటివే! నా కండ్లు చూడు, పొగకు ఎట్లయినాయో. ఎవురికి సారూ అలవాటు? మీ యమ్మ దేంతో వొండి పెట్టె నీకు?"

కందికట్టెతో. మా అమ్మ కందికట్టెతో, పత్తికట్టెతో వండి పెట్టింది. ఊదుగొట్టంతో ఊది ఊది, పొగకు కళ్ళు నీళ్ళు కార్చుకుంటూ నన్ను ఇంజనీరును చేసింది. అది చెప్పలేదు. వాచ్‌మన్‌ను పిలిచి, ఈమెను పంపించి గేటు వెయ్యి అన్నాను. ఆమె నాకు శాపం పెట్టలేదు. కూతురి కోసం తెచ్చిన చెనిక్కాయల సంచి వాచ్‌మన్ చేతికిచ్చి, వెనక్కి చూడకుండా రోడ్డెక్కింది.

ఆ తరువాత ఆ హాస్టలు ఆదర్శమైంది. నవ్వకండి. కట్టె మానిపించిన సంస్థ అని మెచ్చుకున్నారు. పైనుంచి ఎవరో ఒకరు చూడటానికి వస్తూ ఉంటే పిల్లలకు పలుకు అన్నం పెట్టలేరు కదా, అందుకని గుట్టుగా గ్యాసు బండలు వచ్చాయి. ఆమె అడిగినప్పుడు రానివి. అద్దాలు మేడ మీద తెల్లగా నిలబడే ఉన్నాయి, ఫొటోల కోసం. కాంట్రాక్టుల్లో ఇలాంటి హామీలు ఎలా రాయించాలో, ఎలా అమలు చేయించాలో ఇప్పుడు నేనే కుర్రవాళ్ళకు పాఠం చెబుతున్నాను. మొన్న ఆ హాల్లో ఒకమ్మాయి లేచి, క్షేత్రస్థాయిలో అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏమిటి సార్ అని అడిగింది. జవాబు నాలుక మీదే ఉంది. వీళ్ళ అలవాట్లమ్మా అన్నాను, పొగ వాసన లేకపోతే ముద్ద దిగదు వీళ్ళకు. అందరూ నవ్వారు. అడిగిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. కిందికి చూస్తూ కూర్చుంది. ఆమె ఎవరి బిడ్డో, ఎవరు పొగలో వండి పెడితే అక్కడిదాకా చదువుకుని వచ్చిందో నాకేం తెలుసు? రాహేలమ్మను ఒకసారే అవమానించాననుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. ఆ మాట వాడిన ప్రతిసారీ ఆమెను మళ్ళీ గేటు బయటికి తోయిస్తూనే ఉన్నాను.

ఇక్కడ మీరు ఒకటి ఎదురుచూస్తూ ఉంటారు. నేను వెతుక్కుంటూ వెళ్ళాననీ, ఆమె గుడిసె ముందు నిలబడ్డాననీ, ఆమె క్షమించిందనో ఛీ కొట్టిందనో. వెళ్ళలేదు. వెళ్ళానని రాస్తే నమ్మేవాళ్ళే మీరు. ఆమె ఏమైందో, కూతురు ఏం చదివిందో తెలుసుకునే ధైర్యం కూడా చేయలేదు. ఈ కాగితం ఆమెకు చేరదు. చేరినా ఆమెకు వచ్చేదేమీ లేదు, పోయిన పనీ రాదు, కళ్ళూ రావు. వచ్చేదల్లా నాకే. ఈ పూట ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అది కూడా ఆమె నెత్తిన చెయ్యి పెట్టి లాక్కున్నదే.

అయినా అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను. గేటు దగ్గర చెప్పలేకపోయినది, మేడం ముందు చెప్పవలసింది, హాల్లో ఆ అమ్మాయికి చెప్పాల్సింది.

కట్టెలు తెమ్మన్నది నేనే, రాహేలమ్మా.